సముద్రం పక్కన చిన్న పట్టణంలో స్థిరపడాలనుకునే వారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకు వెళ్లి తీరాన రెండు సాయంత్రాలు గడిపాక "ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండును" అనుకోనివారు తక్కువ. అలా అనుకున్నవారిలో కొందరు నిజంగానే సామాను సర్దుకుని వస్తారు. అలాంటివారు తప్పకుండా అడిగే ప్రశ్నలు కొన్ని, అడగాల్సి ఉండీ అడగనివి మరికొన్ని ఇక్కడ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. తీరపు ఊరిని ఎంచుకునేటప్పుడు సముద్రం వైపు తక్కువగా, నేల వైపు ఎక్కువగా చూడాలి. సముద్రం ఏ ఊళ్లో అయినా అందంగానే ఉంటుంది. మీ రోజులు ఎలా గడుస్తాయన్నది మాత్రం ఊరి వెనక ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

రోజూ చూస్తూ ఉంటే సముద్రం విసుగనిపించదా?

విసుగు రాదు, అలవాటు అవుతుంది. మొదట్లో పని మానుకుని చూస్తారు. కొన్నాళ్లకు పని చేసుకుంటూ వింటారు. హోరు పెరిగిందా తగ్గిందా, అల విరిగే చప్పుడు దగ్గరగా ఉందా దూరంగా ఉందా అన్నది కిటికీ తెరవకుండానే తెలుస్తుంది. నీటి రంగు చూసి గాలి ఎటు మళ్లిందో చెప్పగలిగిన రోజున మీరు ఊరివారైనట్టే లెక్క.

ఇంకో సంగతి. ఒడ్డున నిలబడిన మనిషికి దిగంతం ఎంతో దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి అది 5 కిలోమీటర్ల లోపే. భూమి గుండ్రంగా ఉండడమే కారణం. 10 మీటర్ల ఎత్తు మేడ ఎక్కి చూస్తే 11 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. చేపల వేటకు వెళ్లినవారి కోసం ఎదురుచూసేవాళ్లు ఎత్తైన చోటికి చేరేది ఇందుకే.

వాతావరణం ఎలా ఉంటుంది? చల్లగా ఉంటుందా?

లోతట్టు ఊళ్లతో (సముద్రానికి దూరంగా, లోపల ఉన్నవాటితో) పోలిస్తే పగటికీ రాత్రికీ తేడా తక్కువ. నేల త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది. నీరు రెండింటికీ సమయం తీసుకుంటుంది. పొద్దెక్కేకొద్దీ నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. రాత్రికి నేల చల్లారాక గాలి దిశ మారి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. తెరచాపల కాలంలో పడవలు వేకువకు ముందే బయలుదేరి, మధ్యాహ్నం దాటాక తిరిగి రావడానికి ఈ గాలులే ఆధారం.

అయితే చల్లగాలితో పాటు తేమ కూడా వస్తుంది. వేడి దేశాల్లో చెమట ఆరదు, కాబట్టి థర్మామీటరు చూపే అంకె కన్నా ఒంటికి ఎక్కువ ఉక్కగా ఉంటుంది. సముద్రపు గాలి రాని రోజున పరిస్థితి ఇంకా కష్టం. ఇల్లు చూసేటప్పుడు గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో, ఏ కిటికీలోంచి వచ్చి ఏ కిటికీలోంచి బయటికి పోతుందో కనుక్కోండి. సముద్రం కనబడే కిటికీ కన్నా గాలి ఆడే కిటికీ విలువైనది.

ఉప్పుగాలికి ఇల్లు, సామాను నిజంగా అంత పాడవుతాయా?

అవుతాయి. కొత్తగా వచ్చినవారు నమ్మనిది ఇదే, మొదటి రెండేళ్లలో వారిని ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అల విరిగినప్పుడు నురగలోని బుడగలు పగిలి కంటికి కనబడని తుంపరలు గాలిలో కలుస్తాయి. గాలి వాటిని ఊళ్లోకి మోసుకొస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. తీరంలో చాలా రాత్రులు తేమ అంతకన్నా ఎక్కువగానే ఉంటుంది. అంటే మీ ఇంటి ఇనుప వస్తువులన్నీ రాత్రంతా పలుచటి ఉప్పునీటి పొర కింద ఉన్నట్టే.

ఇంటి గేటుకున్న బోల్టును దగ్గరగా చూడండి. రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. బోల్టు తల కింద, కుంచె చేరని సన్నటి సందులోంచి మాత్రం గోధుమరంగు చార ఒకటి కిందికి దిగి ఉంటుంది. దాని పక్కన వేలితో నొక్కితే రంగు చిన్న బుడిపెలా మెత్తగా తగులుతుంది. గోటితో గీకితే పెచ్చు లేచి, లోపల పొరలు పొరలుగా తుప్పు బయటపడుతుంది. తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ మనకు కనబడే నున్నటి చోట కాదు. అంచులు, అతుకులు, మేకు రంధ్రాలు, రెండు లోహాలు కలిసే చోట్లు, వీటి దగ్గర మొదలవుతుంది.

ఇంకో విచిత్రం కూడా గమనించండి. వాన తగిలే చోట కన్నా వాన తగలని చూరు కింద తుప్పు ఎక్కువ. వాన ఉప్పును కడిగేస్తుంది, చూరు కింద అది పేరుకుపోతుంది. కాబట్టి ఇక్కడి నిర్వహణలో సగం పని మంచినీటితో కడగడమే. గేట్లు, గ్రిల్లులు, సైకిలు, వాహనం అడుగు భాగం, ఏసీ బయటి యూనిట్ రెక్కలు, వీటన్నిటినీ క్రమం తప్పకుండా కడగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కొనేటప్పుడు 304 రకం కాకుండా 316 రకం అడగండి. అందులో కలిసే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉప్పును బాగా తట్టుకుంటుంది. వీలున్న చోట కలప, ఇత్తడి, మంచి రకం ప్లాస్టిక్ వాడడం ఇంకా మేలు.

ఇనుము కన్నా పెద్ద దిగులు కాంక్రీటుది. ఉప్పు మెల్లగా లోపలికి దిగి కడ్డీలను చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే అసలు కన్నా రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. పాత ఇల్లు కొనేముందు పైకప్పు అడుగు వైపు తలెత్తి చూడండి. కడ్డీల వెంబడి తిన్నగా సాగిన పగుళ్లు ఉన్నా, కర్రతో తడితే డొల్ల శబ్దం వచ్చినా ఆ ఇంటిని వదిలేయడం మంచిది. కొత్తగా కట్టిస్తుంటే ఇసుక ఎక్కడి నుంచి వస్తోందో మీరే స్వయంగా కనుక్కోండి. కడగని సముద్రపు ఇసుక వాడితే ఇంట్లో అడుగుపెట్టకముందే ఉప్పు గోడల్లోకి చేరుతుంది.

తీరానికి ఎంత దూరంలో ఇల్లు తీసుకోవాలి?

దూరం కన్నా ఎత్తు ముఖ్యం. తీరం నుంచి 300 మీటర్ల దూరంలో గుట్ట మీద ఉన్న ఇల్లు, 2 కిలోమీటర్ల దూరంలో పల్లంలో, కాలువ పక్కన ఉన్న ఇంటి కన్నా భద్రం కావచ్చు. ఉప్పెన నీరు కాలువల వెంట, నదీముఖాల వెంట చాలా లోపలికి వస్తుంది. ఉప్పుగాలి సంగతికి వస్తే, దాని ప్రభావం మొదటి కొన్ని వందల మీటర్లలో ఎక్కువగా ఉండి తర్వాత వేగంగా తగ్గుతుంది. రెండో మూడో వీధిలో ఉండి, సముద్రానికి నడిచి వెళ్లడమే నా సలహా.

చట్టం కూడా చూసుకోవాలి. చాలా దేశాల్లో తీరాన్ని ఆనుకుని కట్టడాల మీద ఆంక్షలు ఉన్నాయి. భారతదేశంలో 1991 నుంచి తీర నియంత్రణ మండల నిబంధనలు ఉన్నాయి. సముద్ర తీరం వెంబడి పోటు రేఖ (పోటు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు ఉన్న నేల వాటి పరిధిలోకి వస్తుంది. ఫ్రాన్స్‌లో 1986 నాటి తీర చట్టం ఊళ్లకు వెలుపల తీరం నుంచి 100 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించింది. "ఇక్కడ అందరూ కట్టుకున్నారు" అన్న మాట అనుమతి పత్రం కాదు.

మంచినీళ్ల సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నను చాలామంది చివర్లో అడుగుతారు. మొదట అడగాల్సింది ఇదే.

తీరపు నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు కాస్త తేలిక, ఉప్పునీరు కాస్త బరువు. ఈ లెక్కను 19వ శతాబ్దం చివర్లో నెదర్లాండ్స్‌కు చెందిన బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ వేరువేరుగా తేల్చారు. భూగర్భ జలమట్టం సముద్ర మట్టానికి 1 మీటరు పైన ఉంటే, సముద్ర మట్టం కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు నిలుస్తుంది. వినడానికి ఇది వరంలా ఉంటుంది. అదే లెక్కను తిప్పి చూడండి. ఎడాపెడా తోడేసి నీటిమట్టాన్ని ఒక్క మీటరు దించితే, కాలక్రమంలో కింది నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది.

అందువల్ల లోతట్టు ఊళ్లలో పనికొచ్చే "నీళ్లు లేకపోతే ఇంకా లోతుకు వేద్దాం" అన్న ఆలోచన ఇక్కడ ఎదురు తిరుగుతుంది. తక్కువ లోతున్న బావిలో తియ్యటి నీరు, దాని పక్కనే లోతుగా వేసిన బోరులో ఉప్పునీరు పడడం తీరంలో మామూలే. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ బాగుపడడానికి ఏళ్లు పడుతుంది. పక్కింటివారు పెద్ద మోటారు పెడితే మీ బావి పాడవుతుంది, మీరు పెడితే వారిది పాడవుతుంది. నీటి విషయంలో ఇక్కడ ఎవరి ఇల్లూ వేరు కాదు.

ఇల్లు చూడడానికి ఎండాకాలం చివర్లో, వానలకు ముందు వెళ్లండి. ఆ ఇంటి నీళ్లతో పాటు అటూ ఇటూ ఉన్న ఇళ్ల నీళ్లు కూడా రుచి చూడండి, పరీక్షకు ఇవ్వండి. లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటిన క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) నాలుకకు తెలియడం మొదలవుతుంది. కప్పు మీద పడిన వాననీటిని నేలలోకి ఇంకించే ఏర్పాటు మీ బావికి మీరు చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద మేలు.

ఆటుపోట్ల గురించి నేను తెలుసుకోవాలా? నేను పడవ ఎక్కేవాణ్ని కాదు కదా?

తెలుసుకోవాలి. ఊరి గడియారం అదే.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు ఎగసేవి), రెండు పాట్లు (నీరు దిగేవి) వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, కాబట్టి సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పోటు బాగా పెరుగుతుంది. అన్ని తీరాలూ ఒకటి కావు. కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు 16 మీటర్ల దాకా ఎగసి దిగుతుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల ఆ తేడా అర మీటరు కూడా ఉండదు. మెక్సికో సింధుశాఖలో కొన్నిచోట్ల రోజుకు ఒకే పోటు.

పడవ ఎక్కనివారికి కూడా ఇది అవసరమవుతుంది. పౌర్ణమి పోటు, కుండపోత వాన ఒకే సమయానికి కలిస్తే మురుగుకాల్వల నీరు సముద్రంలోకి దిగలేక వీధుల్లోకి ఎక్కుతుంది. వాన తక్కువే అయినా వీధి మునిగిందంటే కారణం ఇదే కావచ్చు. పాటు సమయంలో కొండ చుట్టూ ఇసుక మీద నడిచి వెళ్లినవారు పోటు వచ్చాక తిరిగి రాలేక చిక్కుకుపోవడమూ ఉంది. పోటు వేళల పట్టిక వంటగది గోడకు తగిలించి పెట్టుకోండి.

ఈత వస్తే రోజూ సముద్రంలో ఈదవచ్చా?

చెరువులో, కొలనులో నేర్చిన ఈత సముద్రానికి సరిపోదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఎక్కడో ఒకచోట సందు చూసుకుని లోపలికి పోవాలి. ఆ సందులో పుట్టే ప్రవాహం మనిషిని లోపలికి లాక్కుపోతుంది. దాని వేగం కొన్నిసార్లు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మోసం ఏమిటంటే, అలలు ఎక్కువగా విరిగే చోట కాకుండా అలలు విరగని, నీరు కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే చోటే ఈ ప్రవాహం ఉంటుంది. కొత్తవారు "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

చిక్కుకుంటే ఒడ్డు వైపు పోరాడకండి. ప్రవాహం సన్నగా ఉంటుంది, కాబట్టి ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది దాన్ని దాటి, ఆ తర్వాత అలలతో పాటు ఒడ్డుకు రండి. అదీ చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకవేయండి. ఈ ప్రవాహం మనిషిని దూరంగా తీసుకుపోతుంది గానీ కిందికి లాగదు. ఎక్కువమంది చనిపోయేది ఎదురీది అలసిపోయి. మునుగుతున్నవారి కోసం ఆధారం లేకుండా దూకి ప్రాణాలు పోగొట్టుకునేవారు కూడా ఎందరో. ఖాళీ డబ్బా అయినా సరే, తేలే వస్తువు ఏదైనా విసరండి.

తుపాను, సునామీ వస్తే?

భయపడి రాకుండా ఉండాల్సిన పని లేదు. తెలియకుండా ఉండడం మాత్రం తప్పు.

తుపాను అనగానే అందరూ గాలి గురించి అడుగుతారు. తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, ఉప్పెన. తుపాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు మీదికి నెట్టుకొస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీరు మరింత ఎత్తుకు లేస్తుంది. ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. మోకాలి లోతు కూడా లేని నీరు వేగంగా వస్తే పెద్ద మనిషి నిలబడలేడు. 1970 నవంబరులో భోలా తుపాను నేటి బంగ్లాదేశ్ తీరాన్ని తాకినప్పుడు కనీసం 3 లక్షల మంది మరణించారు. ఆ తర్వాత ఆ దేశం తుపాను ఆశ్రయ భవనాలు కట్టింది, ఇంటింటికీ హెచ్చరిక చేరవేసే స్వచ్ఛంద కార్యకర్తలను ఊరూరా తయారు చేసింది. తర్వాతి దశాబ్దాల్లో మరణాలు ఎన్నో రెట్లు తగ్గాయి. సముద్రం మారలేదు, ఊళ్లు మారాయి.

ఖాళీ చేయమన్నప్పుడు చేయండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే అయిపోయిందని బయటికి రాకండి. తుపాను కన్ను మీ మీదుగా వెళుతూ ఉండవచ్చు. కాసేపటికి అంతే తీవ్రతతో గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది.

సునామీకి అంత వ్యవధి ఉండదు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో వచ్చిన సునామీ 2 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న జనావాసాల్లో ఇండోనేసియాలోని సిమెలూ దీవి ఒకటి. అక్కడ 1907లో ఒకసారి సునామీ వచ్చింది. ప్రాణాలతో మిగిలినవారు "భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండ ఎక్కండి" అన్న మాటను కథలుగా, పాటలుగా పిల్లలకు అందించారు. 2004లో సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో మరణించింది ఏడుగురు. అప్పటికి వారికి సైరన్ లేదు, ఫోను హెచ్చరిక లేదు. పొరుగు తీరాల్లో వెనక్కిపోయిన సముద్రాన్ని చూడడానికి, మిగిలిన చేపలు ఏరుకోవడానికి జనం కిందికి దిగారు.

ఇప్పుడు హెచ్చరిక కేంద్రాలు ఉన్నాయి. హిందూ మహాసముద్ర దేశాలకు సమాచారం ఇచ్చే కేంద్రాల్లో ఒకటి సముద్రమే లేని హైదరాబాదులో 2007 నుంచి పనిచేస్తోంది. అయినా దగ్గరలో భూకంపం వచ్చినప్పుడు కబురు కోసం ఆగకూడదు. నిలబడలేనంతగా లేదా చాలాసేపు భూమి కంపించినా, నీరు అసహజంగా వెనక్కి పోయినా, సముద్రం నుంచి పెద్ద రొద వినిపించినా వెంటనే ఎత్తుకు నడవండి. మొదటి అలే పెద్దది కానక్కర్లేదు, తర్వాతివి గంటల తరబడి రావచ్చు. ఇల్లు చూడడానికి వెళ్లిన రోజునే అక్కడి నుంచి ఎత్తైన చోటికి ఒకసారి నడిచి, దారి చూసుకోండి.

ఈ ఇసుక తీరం ఇలాగే ఉంటుందా?

ఉంటుందని ఎవరూ చెప్పలేరు. తీరంలోని ఇసుక కదులుతూనే ఉంటుంది. అలలు వాలుగా తాకే తీరంలో అది ఒడ్డు వెంబడి ఒక దిక్కుకు ప్రయాణిస్తుంది. దానికి అడ్డంగా రేవు గోడ కడితే ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క కోత మొదలవుతుంది. నదుల మీద ఆనకట్టలు కడితే తీరానికి రావాల్సిన ఇసుక జలాశయాల్లోనే ఆగిపోతుంది. దీనికి తోడు సముద్ర మట్టం 1901 నుంచి 2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ పెరుగుదల వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది.

ఊళ్లోని పెద్దవాళ్లను "మీ చిన్నప్పుడు నీరు ఎక్కడ ఉండేది?" అని అడగండి. చెట్టునో గుడినో బావినో చూపిస్తారు. ఒక్కోసారి వారు చూపించే చోట ఇప్పుడు నీళ్లే ఉంటాయి. తీరం మీద ఏం కడుతున్నారు, ఇసుక ఎవరు తవ్వుకుపోతున్నారు అన్నవి ఊరి సమావేశంలో మీరు నోరు విప్పాల్సిన విషయాలు. తీరానికి వచ్చి స్థిరపడినవారు ఈ విషయంలో మౌనంగా ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

ఉద్యోగాలు దొరుకుతాయా?

కష్టమే. దానికి ఒక కారణం పటంలోనే కనిపిస్తుంది. లోతట్టు పట్టణానికి నాలుగు దిక్కుల నుంచీ పల్లెల జనం వస్తారు, అంగళ్లు నడుస్తాయి, ఆసుపత్రులు నిలుస్తాయి. తీరపు పట్టణానికి సగం దిక్కులు నీళ్లే. అంతే జనాభా ఉన్నా వచ్చిపోయేవారు సగమే. పైగా బస్సులు ఈ ఊరి మీదుగా ఎక్కడికీ వెళ్లవు, ఈ ఊరితో ఆగిపోతాయి. నేల వైపు చూడమని మొదట నేను అన్నది ఇందుకే. ఊరి వెనక పంట పొలాలు, పెద్ద రహదారి, గంటలో చేరగల నగరం ఉంటే ఊరు ఏడాది పొడవునా బతుకుతుంది. అడవో చిత్తడి నేలో తప్ప మరేమీ లేకపోతే, వేటా పర్యాటకులూ లేని నెలల్లో ఊరు సద్దుమణుగుతుంది.

చేతిలో ఎక్కడి నుంచైనా చేయగల పని ఉన్నవారు, విశ్రాంత జీవితం గడుపుతున్నవారు, మరమ్మతు పనులు తెలిసినవారు ఇక్కడ నిలదొక్కుకుంటారు. మరీ ముఖ్యంగా ఆ చివరివారు. ఉప్పుగాలి ఉన్నంతకాలం వెల్డింగు, ఎలక్ట్రిక్ పని, రంగుల పని, మోటార్ల పని తెలిసినవారికి ఖాళీ ఉండదు.

ఆరోగ్యానికి మంచిదంటారు, నిజమేనా?

రెండు వైపులా నిజం ఉంది. 2012లో ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనగణన వివరాలు పరిశీలించి, తీరానికి దగ్గరగా ఉన్నవారిలో "ఆరోగ్యం బాగుంది" అని చెప్పేవారి శాతం కొంచెం ఎక్కువని తేల్చారు. పేద ప్రాంతాల్లో ఆ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. మరోవైపు, 2021లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తీరప్రాంత ఆరోగ్యం మీద ఇచ్చిన వార్షిక నివేదిక, తీరపు పట్టణాల్లో జబ్బుల భారం ఎక్కువ, వైద్య సిబ్బంది తక్కువ అని చెప్పింది. సముద్రం మనసుకు మేలు చేస్తుంది. గుండెనొప్పి వచ్చిన రాత్రి కావలసింది మాత్రం ఆసుపత్రి.

దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్నవారు, వృద్ధ తల్లిదండ్రులను చూసుకునేవారు రాత్రిపూట వానలో ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరగలరో ముందే చూసుకోవాలి. పగటి లెక్క పనికిరాదు.

ఊరివారు కొత్తవారిని కలుపుకుంటారా?

కలుపుకుంటారు, తొందరపడరు. చిన్న ఊళ్లో మీరు ఎవరో, ఎందుకు వచ్చారో మీకన్నా ముందే అందరికీ తెలుస్తుంది. నగరం నుంచి వచ్చినవారికి మొదట ఇది ఇబ్బందిగా ఉంటుంది. జ్వరంతో రెండు రోజులు తలుపు తీయకపోతే ఎవరో ఒకరు వచ్చి తట్టినప్పుడు అదే ఊరట అవుతుంది.

మత్స్యకారుల బతుకును దగ్గరగా చూడకుండా ఈ ఊరు అర్థం కాదు. తెల్లవారుజామున రేవుకు వెళ్లండి. పడవ ఒడ్డుకు తగలకముందే నడుము లోతు నీటిలోకి దిగినవాళ్లు తాళ్లు అందుకుంటారు. బుట్టలు ఇసుక మీదికి వచ్చీ రాగానే ధర కేకలు మొదలవుతాయి. కొన్ని నిమిషాల్లో సరుకు ఎవరిదో తేలిపోతుంది, ఐసు పడుతుంది, బండి కదులుతుంది. రాత్రంతా చేసిన కష్టానికి వెల కట్టడానికి పట్టేది అంతసేపే. ఆ పక్కనే వల ఒడిలో వేసుకుని చిరుగులు కుట్టుకుంటున్నవారి వేళ్లను చూడండి. అడ్డుగా నిలబడకండి, అడగకుండా ఫొటోలు తీయకండి, ఎండబెట్టిన వలల మీదుగా నడవకండి. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు ఖాళీ స్థలాలు కావు. అవి వారి పని స్థలాలు. తీరాన ఇల్లు కట్టుకుని "మా ఇంటి ముందు చేపల వాసన" అని ఫిర్యాదు చేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. మత్స్యకారులు ఈ ఊరికి ముందు వచ్చినవారు, ఊరిని నిలబెడుతున్నవారు.

వేట నిషేధపు రోజుల్లో, వరసగా తుపాను హెచ్చరికలున్న వారాల్లో ఊళ్లో డబ్బు ఆడదు. ఆ రోజుల్లో అప్పు పెట్టే అంగడి, ఫీజు ఆలస్యమైనా అడగని బడి ఊరిని కాపాడతాయి.

సముద్రపు వాసన మాటేమిటి?

సముద్రపు వాసన చాలావరకు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుది. నీటిలోని సూక్ష్మజీవులు, నాచు తయారుచేసే పదార్థం విచ్ఛిన్నమై ఇది పుడుతుంది. పాటు సమయంలో బురద నేలల వాసన వేరు, అది ఘాటుగా ఉంటుంది. రెండూ కొన్నాళ్లకు అలవాటవుతాయి.

రాత్రిపూట తీరం వైపు పెద్ద దీపాలు పెట్టుకోవచ్చా?

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే దయచేసి పెట్టకండి. గుడ్లలోంచి బయటికి వచ్చిన పిల్లలు ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. మనుషుల దీపాలు లేని చోట ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది. మీ దీపం చూసి అవి రోడ్డు మీదికి వస్తాయి. ఆ కాలంలో తెరలు దించుకుని, బయటి దీపాలు ఆర్పేస్తే చాలు.

కొనాలా, ముందు అద్దెకు ఉండాలా?

అద్దెకు ఉండండి, తప్పకుండా. అదీ అందరూ వచ్చే నెలల్లో కాకుండా, అందరూ వెళ్లిపోయిన నెలల్లో. వాన, ఈదురుగాలి, కరెంటు కోత, మూసి ఉన్న అంగళ్లు, ఆలస్యమైన బస్సు చూసిన తర్వాత కూడా ఉండాలనిపిస్తే ఉండండి. పర్యాటకులు వచ్చే కాలంలో అద్దెలు పెరుగుతాయి, దారులు నిండుతాయి, అంగడివారికి మాట్లాడే తీరిక ఉండదు. ఆ ఊరు వేరు, మిగతా ఏడాది ఊరు వేరు.

తర్వాత వెళ్లిపోవాలనుకుంటే ఇల్లు అమ్ముడవుతుందా?

నగరంలో అంత త్వరగా కాదు. కొనేవారు తక్కువ, వచ్చినవారు కోత గురించీ ఉప్పెన గురించీ అడుగుతారు. కొన్ని దేశాల్లో బీమా సంస్థలు తీరపు ఇళ్లకు ప్రీమియం పెంచుతున్నాయి, కొన్నిచోట్ల బీమా ఇవ్వడమే మానుకుంటున్నాయి. గాలి నష్టానికీ వరద నష్టానికీ వేరువేరు షరతులు ఉండవచ్చు, పత్రం పూర్తిగా చదవండి. కొన్న రోజు నుంచే ఇంటి పునాది ఎత్తు, గతంలో నీరు వచ్చిన మట్టం, ఏటా చేయించిన నీటి పరీక్షల ఫలితాలు, మరమ్మతుల రసీదులు ఒకచోట దాచుకోండి. కొనడానికి వచ్చేవారు మొదట అడిగేది వాటినే.